అరికాలి కింద కొండ

"అమ్మా, చెప్పులు విప్పేద్దామా?" అని మా అమ్మాయి అడిగేసరికి నావి అప్పటికే చేతిలో ఉన్నాయి. పచ్చికబయలు అంచున నిలబడ్డాం ఇద్దరం. రాత్రి పసిఫిక్ మీంచి కొండల్లోకి పాకిన పొగమంచు ఇంకా చెట్ల నెత్తిన చిక్కుకునే ఉంది. గడ్డి చీలమండలు తడిసేటంత ఎత్తు. జూన్ మొదటి ఆదివారం. మన దగ్గర రోహిణి ఎండలకు రోళ్లు పగిలే రోజులు. ఇక్కడ స్వెటర్ మీద శాలువా కప్పుకున్నా చలి అరికాళ్లలోంచి పైకి ఎక్కుతోంది. మొదటి అడుగు వేశాను. గడ్డి కింద నేల చదునుగా లేదు. ఏవో జంతువులు తవ్విపోసిన మట్టి, మధ్య మధ్య గుంటలు, గట్టి గడ్డలు. ముప్పై అయిదేళ్లుగా పిల్లలకు అడుగులు నేర్పిన కాలు ఆ నేల మీద ఎక్కడ ఆనాలో తెలియక ఒక్క క్షణం గాల్లోనే ఆగింది.

ఆ బయలు పేరు సాంటోస్ మెడో. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళితే మౌంట్ టామల్‌పైస్ అనే కొండ వస్తుంది. దాని ఒళ్లో, సముద్రానికి దగ్గరగా ఉందీ బయలు. కొండ ఎత్తు 2,571 అడుగులు. మన తిరుమల కంటే చిన్నదే. అయినా ఆ చుట్టుపక్కల ఎక్కడ నిలబడినా కనిపిస్తూ ఉంటుంది, ఇంట్లో పెద్దావిడలా. అక్కడివాళ్లు దాన్ని టామ్ అని ముద్దుగా పిలుస్తారు. వాళ్లకంటే ముందు వేల ఏళ్లు ఆ కొండ కోస్ట్ మీవాక్ అనే ఆదివాసీ జనానిది. మేము అమ్మాయి ఉండే ఫ్రీమాంట్ నుంచి తెల్లారకముందే బయల్దేరి, ఇంకో వంతెన మీదుగా అఖాతం దాటి, ఘాట్ రోడ్డు లాంటి మెలికల్లో తిరుగుతూ వచ్చాం. దారిలో రెడ్‌వుడ్ చెట్లు. ఎండాకాలంలో అక్కడ వాన పడదు. సముద్రం మీంచి వచ్చే పొగమంచే ఆ చెట్ల ఆకులకు పట్టి, చుక్కలు చుక్కలుగా కారి వేళ్లను తడుపుతుంది. కారు అద్దం దించితే ఆ చుక్కలు రాలే చప్పుడు వినబడింది. ఆకాశంలో మబ్బు లేదు, చెట్టు కింద మాత్రం వాన.

మేము వచ్చింది ఒక నాట్యానికి. చూడ్డానికి కాదు, చేయడానికి. దాన్ని ప్లానెటరీ డాన్స్ అంటారు. ఆనా హాల్‌ప్రిన్ అనే నాట్యకారిణి మొదలుపెట్టింది. ఆవిడ 1920 జులైలో పుట్టి 2021 మేలో, నూరేళ్లు నిండాక, ఈ కొండ పాదాన ఉన్న కెంట్‌ఫీల్డ్‌లోనే పోయింది.

ఆవిడ పేరు నేను మొదట చూసింది ఫ్రీమాంట్ లైబ్రరీలో. ఆరు నెలల వీసా మీద వచ్చిన తల్లులకు పగటిపూట దిక్కు ఆ లైబ్రరీలే. అమ్మాయి ఆఫీసుకు పోతూ నన్ను అక్కడ దింపేది. నాట్యం పుస్తకాల అరలో ఒక పుస్తకం తెరిస్తే నలుపు తెలుపు ఫొటో ఒకటి కనిపించింది. కొండవాలు మీద, చెట్ల మధ్య, ఒక చెక్క వేదిక. వేదిక అంటే నా మనసులో ఒక బొమ్మ ఉంది. నాలుగు మూలలు, వెనక తెర, ముందు జనం. దీనికి అవేవీ లేవు. అంచులు వంకరటింకరగా పోతున్నాయి. చెట్లు చెక్కల మధ్యలోంచి పైకి లేచాయి. చెట్టు అడ్డం వచ్చిన చోట వేదికే పక్కకు తప్పుకుంది. ఆ ఒక్క ఫొటో ముందు ఎంతసేపు కూర్చున్నానో, అమ్మాయి వచ్చి భుజం తట్టేదాకా తెలియలేదు.

ఆ వేదిక కట్టింది ఆనా భర్త లారెన్స్ హాల్‌ప్రిన్. తోటలు, కూడళ్లు, నీటిధారలు ఎక్కడ ఎలా ఉండాలో ఆలోచించి తీర్చే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళంలో పనిచేశాడు. 1945లో ఒకినావా దగ్గర ఆయన ఉన్న యుద్ధనౌకను జపాన్ ఆత్మాహుతి విమానం ఢీకొట్టింది. బతికి బయటపడ్డవాణ్ని సెలవు మీద శాన్‌ఫ్రాన్సిస్కో పంపారు. అలా ఈ తీరం చేరిన మనిషి ఇక్కడే ఉండిపోయాడు. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. పిల్లల్ని వదిలి రోజూ ఊళ్లోకి వెళ్లి సాధన చేయడం ఆనాకు కుదరలేదు. అందుకని ఇంటి కిందనే, వాలు మీద, ఆమె కోసం నాట్యానికి నేల కట్టాడు. రంగస్థల దీపాల, వేదికల నిపుణుడు ఆర్చ్ లాటరర్ సాయం చేశాడు. 1954కల్లా అది తయారైంది. పిల్లలు నిద్రలేస్తే వినబడేంత దూరంలో వేదిక ఉండాలన్న ఒక తల్లి అవసరం లోంచి ఇరవయ్యో శతాబ్దపు నాట్యంలో ఒక పెద్ద మలుపు వచ్చిందంటే నాకు ఆశ్చర్యం లేదు. నేను కూడా మా అమ్మాయిని చాప మీద పడుకోబెట్టి తాళం వేసినదాన్నే.

ఆ ఇల్లు సొంత ఇల్లు, చూడ్డానికి పెట్టింది కాదు. ముందు రోజు శనివారం కెంట్‌ఫీల్డ్ మీదుగా వెళ్తూ రోడ్డు మీంచి ఆ వాలు వైపు చూశాం, అంతే. వాలంతా మద్రోన్ చెట్లు. ఈ చెట్టు ఆనా రాతల్లో, ఆ వేదిక ఫొటోల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. కారు ఆపించి ఒకదాని దగ్గరికి నడిచాను. ఎర్రటి బెరడు పల్చటి కాగితంలా చుట్టలు చుట్టుకుని ఊడిపోతోంది. దాని కింద కొత్త చర్మం లేత పచ్చగా, నున్నగా, చల్లగా ఉంది. అచ్చం మా ఇంటి జామచెట్టు. చిన్నప్పుడు మధ్యాహ్నం ఎండలో జామకొమ్మకు చెంప ఆనించుకునేదాన్ని, చల్లగా ఉంటుందని. ఏడు సముద్రాల ఇవతల ఆ చల్లదనం మళ్లీ చేతికి తగిలింది.

నేల గురించి చెప్పాలి. నాట్యం గురించి మాట్లాడేవాళ్లు హస్తాల గురించి, కళ్ల గురించి, ఆహార్యం గురించి మాట్లాడతారు. నేల గురించి ఎవరూ మాట్లాడరు. విజయవాడలో నా క్లాసు ఒక అపార్ట్‌మెంటు సెల్లార్లో జరుగుతుంది. ఒక పక్క కార్లు, స్కూటర్లు. కింద సిమెంటు, దాని మీద టైల్సు. అరమండిలో కూర్చుని పిల్లలు తట్టే ప్రతి అడుగూ ఆ సిమెంటుకు తగిలి వెనక్కి తిరిగి మోకాలికే వస్తుంది. నేను నాట్యం నేర్చుకున్నది కృష్ణా జిల్లాలో, పేడతో అలికిన మట్టినేల మీద. అడుగు వేస్తే నేల కొంచెం తీసుకుని కొంచెం తిరిగి ఇచ్చేది. ఇప్పుడు నా రెండు మోకాళ్లూ మెట్లు దిగనివ్వవు. డాక్టరు గుజ్జు అరిగిందన్నాడు. గుజ్జు అరిగింది నా వయసు వల్ల మాత్రమే కాదని ఆ చెక్క వేదిక ఫొటో చూసినప్పుడే నాకు తట్టింది. చెక్క వంగుతుంది. చెక్క కింద వాలు, వాలు మీద గాలి. ఆ వేదిక మీద ఎగిరి దూకిన మనిషిని నేల పట్టుకుంటుంది.

పైగా దానికి ముందు వైపు అంటూ లేదు. ఇది చిన్న సంగతి కాదు. నా నాట్యమంతా ముందు కూర్చున్నవాళ్ల కోసమే. సత్యభామ జడ వెయ్యడమైనా, దశావతారమైనా చూపు ముందుకే. చెట్ల మధ్య, నాలుగు వైపులా తెరుచుకున్న నేల మీద నిలబడితే ఎవరికి చూపిస్తాం? పక్షికా? ఆనాకు సరిగ్గా ఇదే ఎదురైంది. గాలికి కొమ్మ ఊగుతుంది, ఎండ ఒక చెక్క మీంచి ఇంకో చెక్క మీదికి జరుగుతుంది, ఆకు రాలుతుంది. అవేవీ ఎవరికోసమూ జరగడం లేదు. వాటి మధ్య తను మాత్రం ఎవరికోసమో నటించడం ఆమెకు అసహజంగా తోచింది. నేర్చుకున్న ఆధునిక నృత్యపు కట్టుబాట్లు ఒక్కొక్కటే వదులుకుంది. 1957లో అదే వేదిక మీద సైమోన్ ఫోర్టీ, ఏ.ఏ. లీత్‌లతో కలిసి 'ద బ్రాంచ్' అనే నాట్యం చేసింది. పేరుకు తగ్గట్టు చెట్టుకొమ్మే అందులో వస్తువు. ఆ ఏడే నాట్యకారుడు మెర్స్ కన్నింగ్‌హామ్ వచ్చి అక్కడ ఉపన్యాసం ఇచ్చి నాట్యం చేసి చూపాడు. 1960 వేసవిలో అక్కడ జరిగిన శిబిరానికి ట్రిషా బ్రౌన్, ఇవోన్ రైనర్ లాంటి యువ నాట్యకారులు వచ్చారు. వాళ్లే రెండేళ్లకు న్యూయార్క్‌లో జడ్సన్ చర్చి వేదికగా అమెరికా నాట్యాన్ని తిరగరాశారు. ఆ తిరగరాతకు అక్షరాభ్యాసం చాలావరకు ఈ మద్రోన్ చెట్ల కింద జరిగింది.

ఆనాకు ఈ చూపు ఎక్కడి నుంచి వచ్చిందంటే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఆమె గురువు మార్గరెట్ డోబ్లర్ నుంచి. ఆవిడ స్వతహాగా జీవశాస్త్రం చదివినావిడ. 1926లో అమెరికాలోనే మొదటిసారి నాట్యానికి విశ్వవిద్యాలయ పట్టా పెట్టించింది ఆవిడే. క్లాసులో నాట్యం చేసి చూపించేది కాదట. అస్థిపంజరం తెచ్చి నిలబెట్టి, ఈ కీలు ఎటు తిరుగుతుంది, ఎందుకు తిరుగుతుంది అని చూపించేది. తర్వాత మీ ఒంట్లో మీరు వెతుక్కోండి అనేది. నాకిది చదివినప్పుడు కొంచెం దిగులేసింది. మా గురువుగారు చేసి చూపిస్తే మేం చేశాం. నేను చేసి చూపిస్తే నా పిల్లలు చేస్తున్నారు. తుంటి కీలు ఎంత తిరిగితే అరమండి మోకాలికి బరువు కాకుండా ఉంటుందో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

మన నాట్యంలో ప్రకృతి లేదా? నిండా ఉంది. పతాక హస్తం ఒక్కటి పట్టి మేఘం చూపిస్తాం, అడవి చూపిస్తాం, నది చూపిస్తాం, రాత్రిని చూపిస్తాం. అలపద్మం పడితే విచ్చిన తామర. భ్రమరం పడితే తుమ్మెద. ఒక్క చేతిలో ఇంత లోకం పట్టే భాష ఇంకో చోట ఉందో లేదో నాకు తెలియదు. దాన్ని నేను ప్రాణంగా ప్రేమిస్తాను. కానీ ఆనా దారి వేరు. చెట్టును చూపించడం ఆమెకు అక్కర్లేదు. చెట్టుకు బరువు ఉంది, నీకూ ఉంది. దాన్ని నేల లాగుతోంది, నిన్నూ లాగుతోంది. దానిలో నీరు పైకి పాకుతోంది, నీలో నెత్తురు తిరుగుతోంది. నువ్వు చెట్టులా నటించనక్కర్లేదు, చెట్టుకు జరిగేదే నీకూ జరుగుతోందని తెలుసుకుని కదిలితే చాలు. ఆమె ఎనభై దాటాక తీసిన ఒక డాక్యుమెంటరీ ఉంది. అందులో ఒంటికి మట్టి పూసుకుని, గడ్డీ ఆకులూ కప్పుకుని, నేలతో కలిసిపోయినట్టు మెల్లమెల్లగా కదులుతుంది. మా అమ్మాయి లాప్‌టాప్‌లో చూపించింది. ఎక్కడ మట్టి అయిపోయి ఎక్కడ మనిషి మొదలైందో చెప్పలేకపోయాను.

మన దగ్గరా ఈ వైపు నడిచినవాళ్లు లేకపోలేదు. చెన్నైలో ఎలియట్స్ బీచ్ పక్కన చంద్రలేఖ, 1985లో చేసిన 'అంగిక'తో మొదలుపెట్టి, భరతనాట్యాన్ని యోగతో, కలరిపయట్టుతో కలిపి, దేవతల కథలు పక్కన పెట్టి శరీరాన్నే కథ చేసింది. ఆవిడ గురించి ఇంకెప్పుడైనా రాయాలి.

మళ్లీ పచ్చికబయలుకు వస్తాను. జనం పోగవుతున్నారు. చంటిపిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, చేతికర్ర పట్టుకున్నవాళ్లు. కొందరు చీకట్లోనే కొండ శిఖరం మీద సూర్యోదయం చూసి దిగి వచ్చారు. బయలు మధ్యలో డప్పుల్లాంటి వాద్యాలు పెట్టుకుని వాయించేవాళ్లు కూర్చున్నారు. చేయాల్సింది చాలా తేలిక. దాన్ని వాళ్లు స్కోర్ అంటారు. సంగీతానికి స్వరాలు రాసి పెట్టినట్టు, కదలికకు రాసి పెట్టిన సూచన. మధ్య నుంచి బయటికి వలయాలు. బయటి వలయాల్లో పరుగెత్తాలి, లోపలికి వస్తే నడవాలి, అలసిపోతే నిలబడాలి. పరుగు మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరూ గొంతెత్తి, నేను ఫలానావారి కోసం పరుగెత్తుతున్నాను అని చెప్పాలి. అడుగు లేదు, ముద్ర లేదు, తప్పూ లేదు.

ఈ పరుగు వెనక నెత్తురు ఉంది. 1979 నుంచి 1981 దాకా ఈ కొండ దారుల్లో ఒక హంతకుడు తిరిగాడు. నడవడానికి వచ్చినవాళ్లను, ఎక్కువగా ఆడవాళ్లను చంపాడు. దారులు మూసేశారు. కొండ పక్కనే పుట్టి పెరిగినవాళ్లు కొండ ఎక్కడానికి భయపడ్డారు. అప్పుడు ఆనా, లారెన్స్ కలిసి ఊరివాళ్లతో ఒక శిబిరం నడుపుతున్నారు. మీ ఊరికి ఇప్పుడు ముఖ్యమైనదేమిటో బొమ్మ గీయమంటే, అందరి బొమ్మల్లోనూ కొండే వచ్చింది. 1981 ఏప్రిల్‌లో వాళ్లు 'ఇన్ ద మౌంటెన్, ఆన్ ద మౌంటెన్' అనే నాట్యం చేశారు. మొదట నాటకశాలలో, ఆ తర్వాత కొండ మీదే, చావులు జరిగిన దారుల వెంట. కొన్ని వారాలకు హంతకుడు దొరికాడు. నాట్యం చేస్తే దొరికాడని నేను అనను. పోలీసులు పట్టుకున్నారు. కానీ ఆ రోజు జనం కలిసి ఆ దారుల్లో నడిచారు. భయం ఆక్రమించుకున్న నేలను కాళ్లతో తిరిగి తీసుకున్నారు. అది మాత్రం నాకు బాగా తెలిసిన పని. కలరా వచ్చిన ఏడాది ఊరంతా డప్పులతో పొలిమేర చుట్టూ తిరిగి, వేపాకులు పట్టుకుని అమ్మవారిని సాగనంపిన కథ మా నాయనమ్మ చెప్పగా విన్నాను. పొలిమేర తొక్కి వస్తే తప్ప ఊరు మళ్లీ ఊరు కాదు.

ఆ తర్వాత మెక్సికోలోని హుయిచోల్ తెగ పెద్దాయన డాన్ హోసే మిత్సువా ఇక్కడికి వచ్చి, కొండ శుద్ధి కావాలంటే అయిదేళ్లు చేయాలని చెప్పాడట. అయిదేళ్లూ చేశారు. ఆ తర్వాత ఆపలేకపోయారు. అదే ప్లానెటరీ డాన్స్ అయి, 1980ల చివరి నుంచి ఇక్కడా, ఎన్నో దేశాల్లోనూ ఏటా జరుగుతోంది.

పరుగు మొదలైంది. ఒక్కొక్కరు బయటికి వచ్చి చెప్తున్నారు. ఒకాయన తను పోగొట్టుకున్న కొడుకు కోసం అన్నాడు. ఒక చిన్నపిల్ల పక్కనున్న వాగులోని చేపల కోసం అంది. రెడ్‌వుడ్ క్రీక్ అనే ఆ వాగులోకి సముద్రం నుంచి సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురీది వస్తాయి, రానురాను తగ్గిపోతున్నాయి. మా అమ్మాయి నా చెయ్యి వదిలి ముందుకెళ్లి ఇంగ్లీషులో ఏదో అని పరుగందుకుంది. ఎవరి పేరు చెప్పిందో నాకు వినబడలేదు. అడగలేదు కూడా.

నా వంతు వచ్చింది. ఇంగ్లీషు రాలేదు. "మా అమ్మ కోసం" అన్నాను తెలుగులోనే. చుట్టూ ఉన్నవాళ్లు అర్థమైనట్టే తలలూపారు.

మా అమ్మ నాట్లు వేసేది. సొంత చేలో కొన్నాళ్లు, తర్వాత ఇతరుల చేలల్లో కూలికి. మోకాలి లోతు బురదలో నడుం వంచి, ఎడమ చేతిలో నారుకట్ట పట్టుకుని, కుడి చేత్తో కుదుళ్లు నాటుతూ, వెనక్కి వెనక్కి నడిచేది. వరసలో పది మంది ఆడవాళ్లు, ఒకేసారి వంగి, ఒకేసారి ఒక అడుగు వెనక్కి. పాట ఎత్తుకుంటే చేతులు పాట వేగానికి దిగేవి. నేను గట్టు మీద కూర్చుని చూసేదాన్ని. ఆ అడుగులకు తాళం ఉంది. వెన్ను నుంచి వేలి కొస దాకా ఒక్కటే కదలిక. ఒళ్లూ నేలా ఒకటి కావడమంటే అంతకు మించి నేనెక్కడా చూడలేదు.

కానీ దాన్ని నాట్యం అనడానికి నా నోరు రాదు. ఆనా రోజువారీ పనులనే నాట్యం చేసింది. మొయ్యడం, ఊడవడం, బట్టలు వేసుకోవడం, విప్పుకోవడం. నిజమైన పని చేసేటప్పుడు ఒళ్లు అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. 'పరేడ్స్ అండ్ చేంజెస్' అనే నాట్యంలో బట్టలు విప్పి మళ్లీ వేసుకునే ఘట్టం ఉన్నందుకు 1967లో న్యూయార్క్‌లో ఆమె మీద అరెస్టు వారంటు కూడా వచ్చింది. ఆ నమ్మకం సరైనదేనని నాకు తెలుసు, గట్టు మీద కూర్చుని చూసినదాన్ని కాబట్టి. అయితే వేదిక మీద ఊడ్చే మనిషి చీపురు పక్కన పెట్టి వెళ్లిపోవచ్చు. మా అమ్మ వెళ్లిపోలేదు. రాత్రి నడుం మీద నన్ను తొక్కమనేది. నా చిన్న పాదాలతో ఆమె వెన్ను మీద నడిచేదాన్ని, ఒక్కొక్క ఎముకా అరికాలికి తెలిసేది. నేను మొదట అడుగు వేసిన నేల అదేనేమో. నేలతో ఒకటి కావడం ఎంత గొప్పదో చెప్పే పుస్తకాలన్నీ నేల నుంచి కొంచెం దూరం జరగగలిగినవాళ్లే రాశారు. మా అమ్మను అడిగితే, ఆ బురదలోంచి నన్ను బయటికి తేవడానికే నాట్యం నేర్పించాను, మళ్లీ అందులోకే ఎందుకు చూస్తావే అని ఉండేది. ఈ రెండు మాటలూ నిజమే. ఇన్నాళ్లయినా ఒకదాన్ని ఇంకోదాని కింద పెట్టలేకపోతున్నాను.

మోకాళ్లు పరుగుకు ఒప్పుకోవని అంతదాకా అనుకున్నాను. గడ్డి మీద, మట్టి మీద, ఒప్పుకున్నాయి. పరుగు కాదు, గునగున నడకకు కొంచెం పైన. డప్పు దెబ్బ నేలలోంచి అరికాలికి వస్తోంది. నా ముందు ఎవరో, వెనక ఎవరో. వలయంలో ముందూ వెనకా అంటూ లేవు, అందరి ముందూ ఎవరో ఉన్నారు, అందరి వెనకా ఎవరో ఉన్నారు. అరకులో ధింసా ఆడేటప్పుడు ఆడవాళ్లు ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని పాములా తిరగడం గుర్తొచ్చింది. అక్కడా చూపించడానికి ముందు వైపు లేదు. గుంటలో కాలు పడుతుందని కళ్లు నేలకేసి పెట్టి నడుస్తున్నదాన్ని, ఏ చుట్టులోనో కళ్లు ఎత్తేశాను. కాలే చూసుకోవడం మొదలుపెట్టింది. ఎన్నో చుట్టుకు ఆగానో లెక్కపెట్టలేదు. లోపలి వలయంలోకి వచ్చి నిలబడ్డాక, నా ఊపిరి చప్పుడు నాకే వినబడుతుంటే, పొగమంచు విడిపోయి కొండ శిఖరం కనిపించింది. ఎండ మెడ మీద పడింది. పక్కనున్న ముసలాయన నా వైపు తిరిగి నవ్వి, రెండు చేతులూ జోడించాడు.

తిరిగి వచ్చే దారిలో అమ్మాయి ఆనా జబ్బు గురించి చెప్పింది. 1972లో ఆమె తన బొమ్మ తనే గీసుకుంటే పొత్తికడుపు దగ్గర ఒక నల్లటి గుండు వచ్చింది. దాన్ని నాట్యంగా చేయడానికి ఒళ్లు ఒప్పుకోలేదు. డాక్టరు దగ్గరికి వెళితే క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేశారు. కొన్నేళ్లకు తిరగబెట్టింది. 1975లో ఇంటివాళ్లనూ శిష్యులనూ పిలిచి, తన నిలువెత్తు బొమ్మ ముందు నిలబడి, లోపలి కోపమంతా అరిచి ఏడ్చి ఆడింది. తర్వాత ఊపిరిని నీరుగా ఊహించుకుని, ఆ నీరు ఒంట్లోంచి కొండల మీదుగా సముద్రానికి పోతున్నట్టు ఆడింది. జబ్బు తగ్గింది. ఆ తర్వాత మరో నలభై ఆరేళ్లు బతికింది. నాట్యమే తగ్గించిందని చెప్పి ఎవరినీ వైద్యానికి దూరం చేయకూడదు. కానీ తన ఒంటిలో ఏదో ఉందని డాక్టరు కంటే ముందు తన చెయ్యి గీసి చెప్పింది. ఒంటి మాట వినడం అనేది వట్టి మాట కాదని అప్పటి నుంచి నమ్ముతున్నాను. ఆ తర్వాతి ఏళ్లు ఆమె జబ్బుపడ్డవాళ్లతో, ముసలివాళ్లతో గడిపింది. 2005లో ఊళ్లోని పెద్దవాళ్లను పోగేసి, నీటి ఒడ్డున, ఊగే కుర్చీల్లో కూర్చోబెట్టి నాట్యం చేయించింది.

రెండు వారాల తర్వాత సీ రాంచ్ వెళ్లాం. ఉత్తరంగా మూడున్నర గంటల ప్రయాణం, ఎడం పక్కన సముద్రం. పదిమైళ్ల తీరం వెంట ఇళ్లు ఎక్కడ, ఎలా ఉండాలో 1960లలో లారెన్స్ హాల్‌ప్రిన్ ఆలోచించి పెట్టాడు. ముందు అక్కడ గాలిని చదివాడు. గాలికి ఒంగిన సైప్రస్ చెట్ల వరసలు ఎటు వాలితే ఇళ్ల కప్పులూ అటే వాలాయి. చెక్క గోడలు రంగు లేకుండా వదిలేస్తే ఎండకూ ఉప్పుగాలికీ బూడిద రంగు తిరిగి గడ్డిలో కలిసిపోయాయి. మన సముద్రతీరాల్లో కడుతున్న రిసార్టులు ఒక్కసారి తలుచుకుంటే గుండె బరువెక్కింది.

1966లో ఆ దంపతులు నాట్యకారులనూ ఆర్కిటెక్టులనూ కలిపి ఇక్కడి ఒడ్డుకు తీసుకొచ్చారు. ఆ శిబిరాల్లో కళ్లకు గంతలు కట్టి నడిపించారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగలతో ఒక ఊరు కట్టమన్నారు, మాట్లాడుకోకుండా. మేము దిగిన ఒడ్డున కూడా దుంగలున్నాయి. ఎక్కడి నదుల్లోంచో కొట్టుకొచ్చి, బెరడు ఊడి, ఎముకల్లా తెల్లబడ్డవి. మా అమ్మాయి రోజుకు పదిగంటలు కంప్యూటరు ముందు కూర్చుంటుంది. మెడ పక్కకు తిప్పితే పటపటమంటుంది. తను ఒక దుంగను ఒక కొస పట్టుకుని, "అమ్మా, అటు పట్టవే" అంది. ఎత్తాం. ఎక్కడికని అనుకోలేదు. బరువు ఒకసారి నా వైపు, ఒకసారి తన వైపు. నేను ఆగితే తను ఆగింది. ఇసుకలో కూరుకుపోతూ, దాన్ని మోసుకుంటూ ఒడ్డు వెంట చాలాదూరం నడిచాం. దించేటప్పుడు ఎవరూ చెప్పకుండానే ఇద్దరం ఒకేసారి వంగాం. ఆ పిల్లతో నేను అంతసేపు మాట్లాడకుండా ఉండడం, అయినా ఏదీ మిగలకుండా చెప్పుకున్నట్టు ఉండడం అదే మొదటిసారి.

ఆగస్టులో విజయవాడ వచ్చేశాను. సెల్లార్ వెనక, కాంపౌండు గోడకూ బోరుకూ మధ్య, వేపచెట్టు కింద కొంచెం మట్టినేల ఉంది. అసోసియేషన్‌లో అడిగి ఆదివారం క్లాసు అక్కడ పెడతానన్నాను. పన్నెండుమంది పిల్లలు గజ్జెలు పట్టుకుని వచ్చి నేలకేసి, నాకేసి చూశారు.

"టీచర్, రాళ్లున్నాయి."

"చీమలు కూడా ఉన్నాయి టీచర్."

వాచ్‌మన్ భార్యను అడిగి మూడు చీపుర్లు తెప్పించాను. క్లాసు మొదలయ్యే ముందు రోజూ భూమికి నమస్కారం చేస్తాం కదా, తొక్కుతున్నందుకు మన్నించమని అడుగుతాం కదా, ఇవాళ ముందు ఊడుద్దాం అన్నాను. గజ్జెలు గోడ మీద పెట్టి పిల్లలు వంగారు. వేపాకులు, వేపకాయలు, ఎవరో పారేసిన ప్లాస్టిక్ కవరు. మొదట ఎవరికి వారే ఊడ్చారు, తర్వాత ఒకరి దుమ్ము ఒకరి మీద పడకుండా వరస కట్టారు. వాళ్లలో అందరికంటే చిన్నది, తొమ్మిదేళ్ల పిల్ల, ఊడ్చిన చోట మళ్లీ కాలు పెట్టకూడదని కాబోలు, నడుం వంచి వెనక్కి వెనక్కి నడుస్తోంది.